నీటి విద్యుద్వాహకత: కరిగిన పదార్థాల ప్రభావం

నీటి గుండా కరెంటు ఎంత తేలిగ్గా ప్రవహిస్తుందో తెలిపే కొలతను నీటి విద్యుద్వాహకత అంటారు. పేరుకు ఇది నీటి గుణమే అయినా, కరెంటును మోసేవి చాలావరకు అందులో కరిగిన లవణాలు, ఆమ్లాలు, క్షారాలు. ఇవి కరిగినప్పుడు విద్యుదావేశం ఉన్న అయాన్లుగా విడిపోతాయి. ఆ అయాన్ల కదలికే నీటిలో కరెంటు. సాగునీటి పరీక్ష నివేదికలో ‘ఇ.సి.’ అని రాసేదీ, జేబులో పట్టే టి.డి.ఎస్. (కరిగిన మొత్తం పదార్థాల) మీటరు లోలోపల కొలిచేదీ ఈ వాహకతనే. కరిగిన అయాన్లు మొత్తం మీద ఎంత ఉన్నాయో ఈ కొలత బాగా పట్టిస్తుంది. అవి ఏ అయాన్లో మాత్రం చెప్పదు. తాగునీటి విషయంలో జనం మోసపోతున్నదీ, అనవసరంగా భయపడుతున్నదీ ఈ తేడా తెలియకే.

వాహకతకు ప్రమాణం మీటరుకు సీమెన్. జర్మన్ ఇంజనీరు వెర్నర్ ఫాన్ సీమెన్స్ పేరున్న ఈ ప్రమాణాన్ని 1971లో అంతర్జాతీయంగా ఆమోదించారు. అంతకుముందు ‘మో’ అనేవారు. నీటి విషయంలో సీమెన్ చాలా పెద్దది కాబట్టి అందులో పది లక్షల వంతైన మైక్రోసీమెన్‌ను వాడతారు. ఈ వ్యాసంలో వేరే చెప్పని చోట అంకెలన్నీ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సెంటీమీటరుకు ఇన్ని మైక్రోసీమెన్‌లు అన్న లెక్కలోనివి.

శుద్ధమైన నీరు

ఏమీ కరగని నీటి వాహకత 0.055. రాగి తీగ వాహకతలో ఇది సుమారు పది లక్షల కోట్లో వంతు. కానీ సున్నా కాదు. నీటి అణువుల్లో బహు కొద్ది భాగం తమంత తామే హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లుగా విడిపోతూ, మళ్లీ కలుస్తూ ఉంటాయి. ఏ క్షణంలో చూసినా ఒక్కొక్కటి లీటరుకు మోలులో కోటో వంతు ఉంటాయి. ఆ కాస్త వాహకత వాటిది.

ఇంత శుద్ధమైన నీటిని నిలవ ఉంచడం దాదాపు అసాధ్యం. గాలి తగిలితే చాలు, కార్బన్ డయాక్సైడ్ కరిగి కొద్దిపాటి ఆమ్లమై వాహకతను 1 దగ్గరకు తెస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి దుకాణంలో కొనే డిస్టిల్డ్ వాటర్ అంతకన్నా కొంత ఎక్కువే చూపుతుంది. మరోవైపు, శుద్ధమైన నీటిలో లీటరుకు ఒకే ఒక్క మైక్రోగ్రాము ఉప్పు కలిసినా వాహకత సుమారు నాలుగు శాతం పెరుగుతుంది. గ్రాములో పది లక్షల వంతు ఉప్పును లీటరు నీటిలో ఇంత సులువుగా పట్టివ్వగల కొలత మరొకటి దొరకడం కష్టం. చిప్‌ల తయారీ కర్మాగారాలు, థర్మల్ విద్యుత్ కేంద్రాల బాయిలర్లు నీటి స్వచ్ఛతను రాత్రింబవళ్లు వాహకతతోనే గమనించడానికి కారణం ఇదే.

అయాన్ల ఊహ ఎలా నిలబడింది

ఉప్పు నీరు మంచినీటికన్నా కరెంటును బాగా మోస్తుందని కొలిచి చెప్పినవారిలో మొదటి పేరు ఇంగ్లండుకు చెందిన హెన్రీ కావెండిష్‌ది. 1770లలో ఆయనకు అమ్మీటరు లేదు. అందుకని తన శరీరాన్నే మీటరుగా వాడుకున్నాడు. గాజు గొట్టాల్లో వేర్వేరు ద్రావణాలు నింపి, లేడెన్ జాడీల్లోని విద్యుత్తును వాటి గుండా తన చేతుల్లోకి పంపుకొని, రెండు షాకులూ సమానంగా తగిలేదాకా గొట్టంలోని ద్రవస్తంభం పొడవును సర్దేవాడు. వాననీటికన్నా సముద్రపు నీరు వంద రెట్లు, ఉప్పు ఇంకేమాత్రం కరగనంతగా కలిపిన ద్రావణం 720 రెట్లు బాగా మోస్తుందని తేల్చాడు. ఈ పనిలో ఎక్కువ భాగం కాగితాల్లోనే ఉండిపోయి, దాదాపు వందేళ్ల తర్వాత 1879లో మాక్స్‌వెల్ సంపాదకత్వంలో వెలుగు చూసింది.

అసలైన కచ్చితత్వం జర్మనీలో ఫ్రీడ్రిష్ కోల్‌రౌష్‌తో వచ్చింది. నేరు కరెంటు పంపితే ఎలక్ట్రోడుల దగ్గర వాయువులు పుట్టి, అయాన్లు పోగుపడి కొలత చెడిపోతుంది. ఆయన ఏకాంతర విద్యుత్తు వాడి ఆ చిక్కు విప్పాడు. ప్లాటినం ఎలక్ట్రోడుల మీద ప్లాటినం నలుపు పూతపూసి, వీట్‌స్టన్ బ్రిడ్జిలో సమతుల్యం కుదిరిందో లేదో టెలిఫోను రిసీవరు చెవి దగ్గర పెట్టుకొని శబ్దం తగ్గడాన్ని బట్టి కనిపెట్టేవాడు. బాగా పలచని ద్రావణంలో ప్రతి అయానూ తన జోడీ ఎవరన్నదానితో సంబంధం లేకుండా తన వంతు వాహకతను తాను ఇస్తుందని 1870లలో ఆయన చూపించాడు. 1894లో హైడ్‌వైలర్‌తో కలిసి నీటిని శూన్యంలో మళ్లీ మళ్లీ స్వేదనం చేసి, 18 డిగ్రీల దగ్గర 0.043 దాకా దించగలిగాడు. ఆ ఉష్ణోగ్రత దగ్గర ఏమీ కరగని నీటికి సిద్ధాంతం చెప్పే విలువకు అది చాలా దగ్గర.

అయితే అయాన్లు ఎక్కడ నుంచి వస్తున్నాయి? కరెంటే అణువును చీల్చి అయాన్లను పుట్టిస్తుందని ఆనాడు చాలామంది నమ్మకం. స్వీడన్‌లో స్వాంటె అర్హీనియస్ 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో వాహకతల కొలతలను ముందు పెట్టి, 1887 నాటికి స్పష్టంగా అన్నాడు: కరెంటు ఉన్నా లేకున్నా, కరిగిన క్షణమే ఉప్పు అయాన్లుగా విడిపోతుంది. పరీక్షకులు ఆ గ్రంథానికి చిన్న మార్కులే వేశారు. రీగా నుంచి రసాయనవేత్త విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ ఉప్సాలాకు వచ్చి మరీ ఆయనను కలిశాడు. అదే అయాన్ల సిద్ధాంతానికి అర్హీనియస్‌కు 1903లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఒక కొలతను ఓపిగ్గా పేర్చుకుంటూ పోతే పదార్థం గురించిన మన ఊహే ఎలా మారిపోతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ రసాయనశాస్త్రంలో అరుదు.

ఏది కరిగితే ఎంత

నీటి అణువులో ఒకవైపు కొంచెం ధనావేశం, ఇంకోవైపు కొంచెం ఋణావేశం ఉంటాయి. ఉప్పు స్ఫటికంలోని సోడియం, క్లోరైడ్ అయాన్ల చుట్టూ ఈ అణువులు చేరి, వాటి మధ్య ఆకర్షణను సుమారు ఎనభయ్యో వంతుకు తగ్గించేస్తాయి. అందుకే మామూలు ఉప్పు, పొటాషియం క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్టిక్ సోడా వంటివి నీటిలో దాదాపు పూర్తిగా విడిపోతాయి. వీటిని బలమైన విద్యుద్విశ్లేష్యాలంటారు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం, అమోనియా వంటివి బలహీనమైనవి. వాటి అణువుల్లో కొద్ది శాతమే విడిపోతాయి. లీటరుకు పదో వంతు మోలు చొప్పున కలిపితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాహకత సుమారు 39,000, ఎసిటిక్ ఆమ్లానిది సుమారు 520. కలిపిన అణువుల లెక్క ఒకటే, వాహకతలో తేడా 75 రెట్లు. పంచదార, యూరియా, ఆల్కహాల్ అసలు విడిపోవు. పైగా ఉప్పు నీటిలో పంచదార కలిపితే ద్రావణం చిక్కబడి, అయాన్ల నడక మందగించి, వాహకత తగ్గుతుంది.

విడిపోయిన అయాన్లు కూడా అన్నీ ఒక్కలా కరెంటు మోయవు. లీటరు నీటిలో ఒక మిల్లీమోలు సోడియం అయాన్లుంటే అవి సుమారు 50 మైక్రోసీమెన్‌ల వాహకతనిస్తాయి. అంతే పొటాషియం 73.5, క్లోరైడ్ 76, బైకార్బొనేట్ 44.5 ఇస్తాయి. రెండేసి ఆవేశాలున్న కాల్షియం 119, సల్ఫేట్ 160 ఇస్తాయి. అన్నిటికన్నా చిన్నదైన లిథియం చకచకా పోవాలి గదా అనిపిస్తుంది. కానీ దాని వంతు 39 మాత్రమే. చిన్న అయాను చుట్టూ విద్యుత్ క్షేత్రం తీవ్రంగా ఉండి, ఎక్కువ నీటి అణువులను అంటిపెట్టుకొని వాటినీ ఈడ్చుకుంటూ కదలాలి. నిజానికి ఈ అయాన్ల నడక చాలా నెమ్మది. సెంటీమీటరుకు ఒక వోల్టు తేడా పెడితే సోడియం అయాను గంటకు రెండు సెంటీమీటర్లు కూడా జరగదు.

హైడ్రోజన్ అయాను మాత్రం వేరే తీరు. దాని వంతు 350, హైడ్రాక్సైడ్‌ది 198. స్లాబ్ వేసేటప్పుడు కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మార్చుకుంటారు, మనిషి ఉన్నచోటే ఉంటాడు, తట్ట పైకి చేరుతుంది. హైడ్రోజన్ అయాను కూడా అలాగే ఒక నీటి అణువు నుంచి పక్క అణువుకు చేతులు మారుతుంది. ఇటువంటి ఆలోచనను 1806లోనే గ్రోథస్ చెప్పాడు. ఆయన పేరుతోనే దీన్ని ఇవాళ్టికీ పిలుస్తారు. డిగ్రీ విద్యార్థులు ల్యాబులో చేసే వాహకతా అంశమాపనం ఈ తేడా మీదే నడుస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి కాస్టిక్ సోడా ద్రావణం బ్యూరెట్టు నుంచి పడుతున్నకొద్దీ 350 వంతు హైడ్రోజన్ పోయి 50 వంతు సోడియం వస్తుంటుంది కాబట్టి వాహకత దిగుతుంది. ఆమ్లం అయిపోయాక మిగులు హైడ్రాక్సైడ్‌తో మళ్లీ లేస్తుంది. గ్రాఫులో రెండు గీతలు కలిసే చోటే తటస్థీకరణ పూర్తయిన చోటు.

గాఢత, ఉష్ణోగ్రత

ఎంత ఎక్కువ కరిగితే అంత వాహకత అన్నది పలచని ద్రావణాలకే సరిపోతుంది. అయాన్లు దగ్గరపడేకొద్దీ ప్రతి అయాను చుట్టూ వ్యతిరేక ఆవేశం గలవి గుమికూడి వెనక్కి లాగుతాయి. ఈ లాగుడును డిబై, హ్యూకెల్ 1923లో లెక్కకట్టారు, తర్వాత ఆన్సాగర్ దాన్ని సరిదిద్దాడు. మరీ చిక్కనైతే వాహకత తిరిగి పడిపోతుంది కూడా. దీనికి మంచి ఉదాహరణ సల్ఫ్యూరిక్ ఆమ్లం. బరువులో సుమారు 30 శాతం ఉన్నప్పుడు దాని వాహకత శిఖరానికి చేరుతుంది, గాఢ ఆమ్లంలో అందులో చిన్న భాగమే మిగులుతుంది. కారు బ్యాటరీలో పోసే ఆమ్లం గాఢత ఆ శిఖరానికి దగ్గర్లోనే ఉంటుంది.

వేడెక్కితే నీరు పలచబడి అయాన్ల నడక వేగం పెరుగుతుంది. మామూలు నీళ్లలో ఒక్కో డిగ్రీకి వాహకత సుమారు రెండు శాతం పెరుగుతుంది. అత్యంత శుద్ధమైన నీటిలో ఐదు శాతం దాకా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ వేడికి నీరే ఎక్కువగా విడిపోతుంది. అందుకే మీటర్లన్నీ కొలతను 25 డిగ్రీలకు సర్ది చూపుతాయి. మీటరు సరిగ్గా ఉందో లేదో చూడటానికి లీటరుకు 0.01 మోలు పొటాషియం క్లోరైడ్ ద్రావణం వాడతారు. అది 1413 చూపాలి.

వాగులు, బోర్లు, సముద్రం

వాననీటి వాహకత మామూలుగా 50 దాటదు. నేలమీద పారుతూ, రాళ్లలో ఇంకుతూ నీరు లవణాలను కరిగించుకుంటుంది. ఎంతకాలం రాతిని అంటిపెట్టుకొని ఉంటే అంత ఎక్కువ. వరద రోజుల్లో గోదావరి నీరు ఎర్రగా, చిక్కగా కనిపిస్తుంది, అయినా వాహకత తక్కువ. ఆ ఎరుపు నీటిలో తేలే బంకమట్టి రేణువులది, కరిగిన లవణాలది కాదు. తెలంగాణ గ్రానైటు నేలల్లో లోతు బోరు నుంచి వచ్చే నీరు అద్దంలా తేటగా ఉండి వాహకత వెయ్యి దాటవచ్చు. మురికి నీటికి పటిక వేస్తే నీరు తేరుకుంటుంది, వాహకత మాత్రం తగ్గదు.

సముద్రపు నీటి వాహకత సుమారు 53,000. సముద్ర శాస్త్రంలో ఉప్పదనాన్ని ఇప్పుడు ఉప్పు తూచి చెప్పరు. వాహకత, ఉష్ణోగ్రత, పీడనం కొలిచి, 1978లో రూపొందిన లవణీయతా సూత్రంతో లెక్కిస్తారు. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ నడిపించే ఆర్గో బోయాలు హిందూ మహాసముద్రంలో మునిగి తేలుతూ పంపే సమాచారంలో ఈ కొలతలే ఉంటాయి. భూగర్భంలో నీటి జాడ వెతికే రెసిస్టివిటీ సర్వే కూడా ఈ గుణం మీద ఆధారపడ్డదే. కోస్తా తీరంలో మంచినీటి పొరలోకి సముద్రపు నీరు చొచ్చుకొచ్చిన చోట నేల విద్యుత్ నిరోధం చప్పున పడిపోతుంది.

చౌడు నేలలు

సాగునీటిలో ఇ.సి. 250 లోపు ఉంటే నిశ్చింత, 750 దాకా ఫరవాలేదు, 2250 దాటితే మామూలుగా పనికిరాదని 1954లో అమెరికా లవణ నేలల ప్రయోగశాల చేసిన వర్గీకరణ నేటికీ వాడుకలో ఉంది. నేలల విషయంలో డెసీసీమెన్ లెక్క వాడతారు. మీటరుకు ఒక డెసీసీమెన్ అంటే మన లెక్కలో వెయ్యి. సంతృప్త మట్టి నుంచి తీసిన నీటిలో అది 4 దాటితే లవణ నేల, రైతుల మాటలో పాల చౌడు. వరి 3 దాటగానే దిగుబడి కోల్పోవడం మొదలవుతుంది, పత్తి 7.7 దాకా ఓర్చుకుంటుంది.

ఇక్కడే ఇ.సి. ఒక్కదాన్నే నమ్ముకుంటే వచ్చే నష్టం ఉంది. కారు చౌడు నేలలో ఇ.సి. 4 లోపే ఉండి మంచి నేలలా కనిపించవచ్చు. అక్కడ జబ్బు ఉప్పు ఎంతన్నది కాదు, మట్టి రేణువులను సోడియం పట్టుకోవడం. ఉదజని సూచిక 8.5 దాటి, నీరు ఇంకకుండా నేల గట్టిపడుతుంది. పాల చౌడుకు మడి కట్టి మంచినీరు పెట్టి ఉప్పును కడిగేయడం మందు. కారు చౌడుకు ముందు జిప్సం వేసి సోడియం స్థానంలో కాల్షియం చేర్చాలి. నీరు పెట్టినంత మాత్రాన నయం కాదు.

తడి చేతులు, ఎర్త్ గుంత

తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దనడంలో ప్రమాదం తెచ్చేది నీటితోపాటు చర్మం మీది చెమట ఉప్పు. పొడి చర్మానికున్న నిరోధాన్ని ఆ ఉప్పు తడి పడగొడుతుంది. చెరువులో, కాలువలో మోటారు నుంచి కరెంటు లీకైతే ఇంకో ప్రమాదం. మన రక్తం, కణజాలం మంచినీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వాహకత గలవి. అందుకని మంచినీటిలో కరెంటు చుట్టూ ఉన్న నీటిని వదిలి మనిషి శరీరంలోంచి దారి తీస్తుంది. మోటారు దగ్గర నీటిలో ఎవరైనా పడిపోతే ముందు కరెంటు తీసేయాలి, ఆ తర్వాతే దిగాలి. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎండాకాలంలో నీళ్లు పోయడం మాత్రం ఇదే గుణాన్ని మేలుకు వాడుకోవడం. ఎండిన నేల కరెంటును లోనికి తీసుకోదు.

ఆస్పత్రిలో డయాలసిస్ యంత్రం రోగి రక్తానికి ఎదురుగా పంపే ద్రవం వాహకతను నిరంతరం చూస్తుంటుంది. అది సుమారు 14,000 దగ్గర నిలవాలి. గాఢద్రవం పాలు తప్పితే యంత్రం అలారం మోగించి ఆ ద్రవాన్ని రోగి దాకా పోనివ్వదు.

తాగునీరు

టి.డి.ఎస్. మీటరు లీటరులో ఎన్ని మిల్లీగ్రాములు కరిగాయో తూచదు. వాహకత కొలిచి 0.5 నుంచి 0.7 మధ్య ఒక గుణకంతో హెచ్చించి చూపుతుంది. ఒక బోరు నీటిని తీసుకుందాం. లీటరుకు సోడియం 92, కాల్షియం 40, బైకార్బొనేట్ 244, క్లోరైడ్ 71 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. మిల్లీమోళ్లలో ఇవి 4, 1, 4, 2. పైన చెప్పిన వంతులతో హెచ్చిస్తే 200, 119, 178, 152, మొత్తం 650 దాకా. అయాన్ల పరస్పర లాగుడు తీసేస్తే మీటరు సుమారు 600 చూపుతుంది. కరిగినవన్నీ కలిపితే 447 మిల్లీగ్రాములు. అదే నీటిని ఆవిరి చేసి తూస్తే, బైకార్బొనేట్‌లో సగం నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోయి, 320 పైచిలుకే మిగులుతుంది. ఒకే నీటికి రెండు టి.డి.ఎస్.లు. మీటరు మీద మెరిసే అంకెను పరమ సత్యంగా తీసుకోకూడదనడానికి ఈ లెక్క చాలు.

ఇప్పుడు ఆ నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ చేర్చి చూద్దాం. భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 10500 ప్రకారం వేరే నీరు దొరకనప్పుడు అనుమతించే గరిష్ఠ పరిమితి అది. దానికి వాహకతలో పెరుగుదల 4.4 మాత్రమే. 600 మీద నాలుగున్నర కూడా కాదు. బిందె ఎండలో ఉండి నీరు ఒక డిగ్రీ వేడెక్కితే, 25 డిగ్రీలకు సర్దకముందు, దాని వల్ల వచ్చే మార్పు పన్నెండు. పరిమితికి రెట్టింపు ఫ్లోరైడ్ ఉన్నా మీటరుకు అందదు. నల్గొండ జిల్లాలో తరాల తరబడి పళ్లను గారపట్టించి, ఎముకలను వంచేసిన విషం ఈ మీటరు కంటికి ఆనదు. నైట్రేట్ పరిమితి 45 మిల్లీగ్రాములు కలిస్తే యాభై దాకా పెరుగుతుంది గానీ, అది నైట్రేటో ఉప్పో మీటరుకు తెలియదు. భూగర్భజలాల్లో ఆర్సెనిక్ ఒక రూపంలో ఆవేశమే లేని అణువుగా ఉంటుంది. క్రిములకైతే వాహకతతో పనే లేదు. కాబట్టి టి.డి.ఎస్. 150 ఉన్న నీరు రోగం తేవచ్చు, 800 ఉన్న నీరు రుచి కొంచెం తేడాగా ఉన్నా ఏళ్ల తరబడి హాని లేకుండా తాగదగ్గది కావచ్చు. ప్రమాణాల ప్రకారం కోరదగ్గ హద్దు 500, వేరే దారి లేనప్పుడు 2000.

ఈ తెలియనితనం మీదే ఒక వ్యాపారం నడిచింది, ఇంకా నడుస్తోంది. ఫిల్టరు అమ్మడానికి ఇంటికొచ్చిన మనిషి రెండు గ్లాసుల్లో కుళాయి నీరు, ఆర్.ఓ. నీరు పోసి, ఇనుప, అల్యూమినియం కడ్డీలున్న పరికరం పెట్టి ప్లగ్గు వేస్తాడు. కుళాయి నీరు నిమిషాల్లో గోధుమరంగు బురదగా మారుతుంది, ఆర్.ఓ. నీరు తేటగా ఉంటుంది. ఆ బురద నీటిలోది కాదు. కుళాయి నీటిలో అయాన్లు ఉండటం వల్ల కరెంటు పారి, ఇనుప కడ్డీయే కరిగి హైడ్రాక్సైడ్‌గా పేరుకుంటుంది. ఆర్.ఓ. నీటిలో చిటికెడు ఉప్పు వేసి అదే కడ్డీలు పెట్టమంటే అదీ అలాగే మారుతుంది. పిల్లల ఆరోగ్యం పేరు చెప్పి తల్లులను భయపెట్టే ఈ తంతును ఎవరింట్లో చూసినా అక్కడికక్కడే ఆపించాలి.

ఫ్లోరైడ్‌ను విడిగా పట్టడానికి లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం అమర్చిన ఎలక్ట్రోడు ఉంది. ఆ స్ఫటికం తక్కిన సాధారణ అయాన్లను దాదాపు పట్టించుకోదు, ఫ్లోరైడ్‌కు స్పందిస్తుంది. జిల్లా నీటి పరీక్ష ప్రయోగశాలల్లో రంగు మార్పుతో చూసే పద్ధతి కూడా ఉంది. ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ రూపొందించిన నల్గొండ పద్ధతిలో నీటికి సున్నం, పటిక వేసి బాగా కలిపి, ముద్దలు అడుక్కు దిగాక తేటనీరు తీసుకుంటారు. పటిక నుంచి వచ్చే సల్ఫేట్ నీటిలోనే మిగిలి, పోయిన బైకార్బొనేట్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఫ్లోరైడ్ పరిమితి లోపలికి దిగిన ఆ నీటిలో మీటరు పెడితే, ముందుకన్నా ఎక్కువ అంకె చూపుతుంది.